ఐదు మెట్లు, ముప్పై ఐదు అడుగులు

ఆ ఆదివారం చర్చి బయట ఉన్నవాళ్లు, ఉన్నవి: మా మేనత్త, ఆమె చక్రాల కుర్చీ, ఆమె ఒడిలో అట్ట ఊడిన బైబిలు, వేపచెట్టు, దాని కొమ్మకు తీగతో కట్టిన లౌడ్‌స్పీకరు, ఎవరిదో తెలియని గోధుమరంగు కుక్క, మెట్ల కింద గుట్టగా చెప్పులు, ఆలస్యంగా వచ్చి లోపలికి వెళ్లడానికి మొహమాటపడుతున్న నేను. లోపల నూట పన్నెండు మంది. ఈ లెక్క నాది కాదు. సంఘం కార్యదర్శి గారిది. మొదటి పాట అయ్యాక ఆయన వరసల మధ్య నడుస్తూ తలలు లెక్కపెట్టి, తలుపు పక్కనున్న చిన్న నల్లబోర్డు మీద సుద్దముక్కతో హాజరు రాస్తారు. ఆయన గడప దాటి బయటికి రారు. అంచేత అత్త ఆరేళ్లుగా ఆ లెక్కలో లేదు.

అత్త మా నాన్నకు చెల్లెలు. వయసు నలభై ఆరు. మూడో ఏట పోలియో వచ్చి రెండు కాళ్లూ పట్టు తప్పాయి. పాత చర్చికి ఒకటే మెట్టు. ఆమె చేతుల మీద జరుగుతూ లోపలికి వెళ్లి పిల్లలకు పాటలు నేర్పేది. నేనూ అక్కడే నేర్చుకున్నాను. వాన గట్టిగా పడితే రేగడి చేల నీళ్లన్నీ ఆ చర్చిలోకే వచ్చేవి. అందుకని ఆరేళ్ల కింద కొత్తది కట్టినప్పుడు నేలను బాగా లేపారు. ఎత్తు లేపాక మెట్లు కావాలి కదా, ఐదు పెట్టారు. అప్పటికి అత్త భుజాలు అరిగిపోయి, చేతుల మీద జరగడం మానేసి, కుర్చీకి వచ్చేసింది.

ప్రతిష్ఠ రోజున నలుగురు కుర్రాళ్లు ఆమెను కుర్చీతో సహా ఎత్తారు. మూడో మెట్టు మీద కుర్చీ ఒరిగింది. చీర మోకాలి దాకా లేచింది. కింద నుంచి ఎవరో, "జాగ్రత్తరోయ్, టిక్కీ జారుతోంది!" అని అరిచారు. టిక్కీ అంటే మా వైపు మిరపకాయల బస్తా. అందరూ నవ్వారు. ప్రేమగానే నవ్వారు. అత్త కూడా నవ్వి, లోపలికి వెళ్లకుండానే కిందికి దింపించుకుంది. ఆ మరుసటి ఆదివారం నుంచి వేపచెట్టు కింద ఆగిపోయింది. "ఇక్కడ గాలి బాగుందిలే" అంది. సంస్కారపు ఆదివారం, అంటే లోపల అందరూ వరసగా బల్ల దగ్గరికి వెళ్లి ప్రభువు రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజున, పాస్టరు గారే రొట్టె, గిన్నె పట్టుకుని చెట్టు కిందికి వచ్చేవారు. ఇందులో ఎవరికీ ఏ లోటూ కనిపించలేదు. నాకూ కనిపించలేదు.

నేను దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తాను. సిమెంటు దిమ్మలను యంత్రంలో పెట్టి, ఎంత బరువుకు పగులుతాయో చూసి రాసుకోవడం నా పని. ఒకసారి తోపుడు బండ్లు ఎక్కే వాలు ఎంత ఉండాలో చూసి చెప్పమన్నారు. సెలవు మీద ఇంటికి వచ్చి, మా చేలో మోటారు వేసి, నీళ్లు ఒక్కో సాలుకూ మళ్లిస్తూ, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వాలుల గురించి ఏదో పాఠం వింటున్నాను. అది అయిపోయాక ఫోను తనంతట తాను ఇంకోటి మొదలుపెట్టింది. ఏదో విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ప్రసంగం. మాట్లాడేది ఒక ప్రొఫెసరమ్మ. తాను చక్రాల కుర్చీలో ఉన్నాననీ, పిలిచినవాళ్లు వేదిక మీదికి దారి పెట్టడం మరిచిపోయారనీ, అందుకని కింద నేల మీద నుంచే మాట్లాడుతున్నాననీ మొదలుపెట్టింది. హాల్లో కొంచెం ఇబ్బందిగా నవ్వులు. తర్వాత ఆ హాలు మెట్ల ఫొటో తెర మీద చూపించి, ఇందులో వైకల్యం ఎక్కడుందో చెప్పండి అని అడిగింది. ఎవరూ పలకలేదు. పార పట్టుకుని నేనూ ఎదురుచూశాను. జవాబుగా ఆమె మెట్లు లెక్కపెట్టమంది.

నేను చర్చి మెట్లు లెక్కపెట్టాను. చేలో నిలబడే, మనసులో. ఈలోపు సాలు నిండి, గట్టు తెగి, నీళ్లు పక్కవాళ్ల పత్తిలోకి పోయాయి.

మోకాలెత్తు మిరప, దాని అవతల పత్తి, దాని అవతల మళ్లీ మిరప. కనుచూపు మేర మనిషి లేడు. అంతటి బయలులో ఒక మనిషి గొంతు నా చెవిలో కూర్చుని మా ఊరి చర్చి మెట్ల గురించి నాకు చెబుతోంది. ఆమె మా ఊరు చూడలేదు. చూడదు. అయినా ఆమెకు తెలుసు. ఆ రోజు నాకు కలిగినది తెలుసుకున్నానన్న తృప్తి కాదు, ఒక రకమైన భయం లాంటిది. పెద్ద వంతెన కింద మొదటిసారి నిలబడినప్పుడు అలాగే ఉంటుంది.

అక్టోబరు నుంచి సంక్రాంతి లోపు విన్నవి: ప్రసంగాలు పదకొండు, పుస్తకాలు రెండు. మోటారు దగ్గర నాలుగు ప్రసంగాలు. పిడుగురాళ్ల బస్టాండు బయట, సున్నపు బట్టీల పొగ ముక్కుకు తగులుతుండగా రెండు. మిగతావన్నీ, రెండు పుస్తకాలతో సహా, వేపచెట్టు కింద, అత్తతో. గదిలో కూర్చుని వినడానికి ప్రయత్నించాను కానీ కుదరలేదు. గోడల మధ్య అవి పాఠాల్లాగే ఉండేవి. బయట వింటే ఎదురుగా ఉన్న ప్రతి గట్టూ, కాలవ మీద వేసిన ప్రతి బండా ఎవరో ఎవరి కోసమో పెట్టినట్టు కనిపించేది.

అత్త ఇల్లు చర్చి పక్కనే. ఆదివారం కాక మిగతా రోజుల్లో కూడా ఆమె కూర్చునేది ఆ చెట్టు కిందే. ఒడిలో చేట, చేటలో మిరపకాయలు. తొడిమలు తీయడం ఆమె పని. ఒక శనివారం నేను ఇయర్‌ఫోన్‌తో పక్కన కూర్చుంటే, "ఏరా అల్లుడూ, చెవిలో ఎవరు? పిల్లా?" అంది.

"ప్రొఫెసరమ్మ అత్తా. అరవై ఏళ్లుంటాయి."

"అయ్యో పాపం. ఏం చెబుతోంది?"

ఇయర్‌ఫోన్ తీసి స్పీకరు పెట్టాను. ఒక వాక్యం విని, ఆపి, తెలుగులో చెప్పడం. మళ్లీ ఒక వాక్యం. గంట ప్రసంగానికి మూడు గంటలు పట్టేది. అత్త ప్రశ్నలకు ఇంకో గంట. "వాళ్ల ఊళ్లో కూడా మెట్లు ఇంతేనా?" "అంత చదువుకున్నావిడను కింద కూర్చోబెట్టారా? సిగ్గు లేదూ?" వైకల్యం ఉన్న మనుషులను పెద్ద పెద్ద భవనాల్లో పెట్టి తలుపులు వేసిన రోజుల గురించి ఒక పుస్తకం విన్నప్పుడు మాత్రం ఏమీ అడగలేదు. తొడిమలు తీస్తూనే ఉంది. చేట ఖాళీ అయిందని కూడా చూసుకోలేదు.

ఆమెకు బాగా నచ్చిన మాట ఒకటుంది. ఒక వక్త సభలోనే అన్నాడు: నన్ను చూసి ఆశ్చర్యపోకండి, మీ కుర్చీ కాస్త జరపండి, నేను వెళ్లాలి అని. అత్త అది మూడుసార్లు పెట్టించుకుని వింది. ఇంగ్లీషులోనే. మూడోసారికి వక్తతో పాటు నవ్వింది.

డిసెంబరులో చూపు లేని ఒక అధ్యాపకుడి ప్రసంగం విన్నాం. కొత్త గదిలోకి వెళ్లగానే కర్రతో నేల మీద ఒకసారి కొడతాననీ, గది ఎంత ఎత్తో, లోపల ఏముందో ఆ చప్పుడే చెబుతుందనీ అన్నాడు. అత్త చెయ్యి కాయల మీద ఆగింది.

"ఆపరా. అది ఆపు."

ఆపాను. ఆమె చర్చి వైపు తిరిగింది.

"ఇదిగో, ఈ పైకప్పు బాగా ఎత్తు. పాస్టరు గారు 'ప్రభువా' అంటే మాట పైకి పోయి, కాసేపు ఉండి దిగుతుంది. పాతదాంట్లో వెంటనే దిగేది. కుడివైపు మూడో కిటికీ దగ్గర ఫ్యాను తిరిగేటప్పుడు ఒక్క రెక్క కొట్టుకుంటుంది. ఎడమవైపు వెనక మూల ఏదో మెత్తటిది ఉంది. ఆడవాళ్ల పాట అక్కడ పడి చచ్చిపోతుంది. ఏముందిరా అక్కడ?"

ఏముందో నాకు తెలుసు. క్రిస్మస్ నాటకానికి కట్టే తెరలు మడతపెట్టి, నడుమెత్తు గుట్టగా పేర్చి ఉంటాయి. ధ్వని గురించి నేను మూడేళ్ల డిప్లొమాలో చదువుకున్నాను. మెత్తటి గుడ్డ చప్పుడును మింగుతుందని పరీక్షలో రాశాను. వందల ఆదివారాలు ఆ గుట్ట పక్కన కూర్చున్నాను. ఒక్కసారీ వినలేదు. ఆమె కొంత మైకులోంచి, కొంత కిటికీల్లోంచి వచ్చిన చప్పుడుతో ఆరేళ్లలో చర్చి మొత్తం చెట్టు కింద కట్టుకుంది.

"నువ్వు మామూలు మనిషివి కాదత్తా" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. "ఆశ్చర్యపోవద్దు, కుర్చీ జరపమన్నాడుగా ఆయన. జరుపు మరి."

తర్వాత కాయల వైపు చూస్తూ అంది: "ఆ బల్ల దగ్గరికి నేనే వెళ్లి గిన్నె అందుకోవాలిరా. వరసలో. నా ముందు ఒకరు, వెనక ఒకరు ఉండాలి. అంతే."

మర్నాడు టేపు తీసుకెళ్లాను. ఒక్కో మెట్టు ఏడంగుళాలు. మొత్తం ముప్పై ఐదంగుళాలు. ఒక అంగుళం ఎక్కడానికి పన్నెండు అంగుళాల పొడవు కావాలి. అంటే ముప్పై ఐదు అడుగుల వాలు. ఐదు మెట్లంటే మనం ఐదే అనుకుంటాం. చక్రాలకు అవి ముప్పై ఐదు అడుగులు. కాగితం మీద ఆ అంకె రాసుకున్నాను. తర్వాత గీత గీశాను. పక్క గోడ వెంట ఖాళీ ఉంది కాబట్టి పక్క తలుపుకు, తిన్నగా, మలుపు లేకుండా. చాలా శుభ్రమైన గీత అది. తీసుకెళ్లి అత్తకు చూపించాను.

"ఇదేంటి, పక్క తలుపా? బక్కెట్లూ చీపుళ్లూ పెట్టే తలుపా?"

"అటైతే తేలికత్తా."

"ఎవరికి తేలిక? పెళ్లికూతురు ఎటునుంచి వస్తుందో నేనూ అటునుంచే వస్తా. ఇంకోటి. ముప్పై ఐదు అడుగులు ఒక్క ఊపున ఎక్కడానికి నావి చేతులా, ట్రాక్టరా? మధ్యలో ఆగే చోటు పెట్టు."

పదకొండు ప్రసంగాలు విన్నాను. అన్నిట్లో ఏదో ఒక చోట, ముందు వాళ్లను అడగండి అనే మాట ఉంది. గీత గీసే ముందు నేను ఆమెను అడగలేదు. కాగితం చించేసి కొత్తది గీశాను. ముందు తలుపుకు, పద్దెనిమిది అడుగులు ఒక ముక్క, ఐదడుగుల చదునైన మలుపు, మళ్లీ పదిహేడు అడుగులు. వెడల్పు నాలుగడుగులు.

సంఘ పెద్దల మీటింగు లోపల జరగాలి. పాస్టరు గారు, "విషయం ఆమెది కదా, బయటే కూర్చుందాం" అన్నారు. కుర్చీలు చెట్టు కిందికి వచ్చాయి. పెద్దల్లో ఒకాయన తాపీమేస్త్రి. ఆ మెట్లు ఆయన చేతివే.

"నలుగురం ఎత్తుకుంటే నిమిషంలో పోయేదానికి ఇంత కట్టడం ఎందుకమ్మాయ్? మేం మోయలేకనా?" అన్నాడు.

"మోయలేకపోవడమేంటన్నా, బ్రహ్మాండంగా మోశారుగా, టిక్కీని మోసినట్టు" అంది అత్త.

ఎవరూ నవ్వలేదు. మేస్త్రి తల గోక్కున్నాడు. మెట్ల వైపు చూశాడు. ఆ రోజు అరిచింది ఎవరో నేను అప్పటిదాకా కనుక్కోలేదు. ఆయన చెవులు ఎర్రబడటం చూశాక కనుక్కునే అవసరం లేకపోయింది.

"ఒరేయ్ ఇంజనీరూ, ఎన్ని అడుగులన్నావు?" అన్నాడు నాతో.

సంక్రాంతి వెళ్లిన వారంలో కాంక్రీటు పోశారు. మేస్త్రి ఒక్కడే పైపూత మొత్తం చేశాడు, ఇంకెవరినీ తాపీ ముట్టనివ్వలేదు. చక్రం జారకుండా చీపురు పుల్లలతో సన్నటి గీతలు లాగాడు. కాంక్రీటు గట్టిపడటానికి మూడు వారాలు తడి ఆరకూడదు. పాత గోనెపట్టాలు కప్పాం. రోజుకు నాలుగుసార్లు నీళ్లు కొట్టాలి. ఎవరు కొడతారన్న ప్రశ్న రాకముందే అత్త తన ఇంటి కుళాయికి పైపు తగిలించుకుని చెట్టు కింద కూర్చుంది. ఒక చేత్తో పైపు, ఇంకో చేత్తో ఫోను. నేను ఊళ్లో లేనప్పుడు కూడా వినడం నేర్చుకుంది. ఇంగ్లీషు అర్థం కాకపోయినా, "గొంతు వింటే ఎవరు నిజం చెబుతున్నారో తెలుస్తుందిరా" అనేది.

అది పూర్తయ్యాక వచ్చిన మొదటి ఆదివారమే కోత పండుగ. ఎవరి చేలో పండింది వాళ్లు మొదటి పాలుగా చర్చికి తెచ్చి ఇస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలంపాట పెట్టి అమ్ముతారు. మా ఊళ్లో మొదటి పాలంటే దాదాపు అన్నీ మిరపకాయలే. వాటిని కానుక కాయలంటారు. కానుక కాయలను కాలితో తొక్కరు, దాటరు. వాటి పక్కన నడిచేటప్పుడు కూడా చెప్పులు చేత్తో పట్టుకుంటారు. సంస్కారం కూడా ఆ రోజే.

శనివారం సాయంత్రం చినుకులు పడ్డాయి. ఆదివారం పొద్దున నేను అత్త కుర్చీ వెనక నడుచుకుంటూ వచ్చేసరికి వాలు ఎర్రగా ఉంది. కింది నుంచి పై దాకా, ముప్పై ఐదు అడుగుల వాలూ, మధ్యలో మలుపూ, అంతా మిరపకాయలు. అడుగున గీత కూడా కనిపించడం లేదు.

మేస్త్రి పైన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది. "తెల్లారుఝామున నేనే పోశాను! నిన్న తెచ్చి ఆవరణలో పోసిన కానుక కాయలన్నీ తడిశాయి. ఊళ్లో ఇంత మంచి చోటు ఇంకెక్కడుంది? నీళ్లు నిలవవు, దుమ్ము లేదు, పొద్దున్నే ఎండ తగులుతుంది..." అంటూ అత్తను చూసి ఆగిపోయాడు.

నేను వాలు లెక్క వేశాను. వెడల్పు లెక్క వేశాను. కాంక్రీటు బలం లెక్క వేశాను. మిరపకాయల సీజన్లో మా ఊరివాళ్ల ఎదుట ఎండ తగిలే కొత్త సిమెంటు నేల పెడుతున్నానని లెక్క వేయలేదు.

లోపల మొదటి పాట మొదలైంది. మేస్త్రి గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, తొక్కకూడదు కదా... ఈ ఒక్క వారం చెట్టు కింద ఉండు. ఆరాధన కాగానే ఎత్తేస్తాను. కాయలు తడిగా ఉన్నాయమ్మా."

అత్త కుర్చీ చక్రాలు రెండు చేతులా పట్టుకుని ఉంది. వేపచెట్టు వైపు చూడలేదు.

"కాయలు ఎండటానికి మూడు రోజులు చాలన్నా. నేను ఆరేళ్లు ఎండాను" అంది.

గట్టిగా అనలేదు. అయినా కిటికీ పక్కన కూర్చున్న ఆడవాళ్లకు వినిపించింది. బయట చప్పుడు లోపలికి కూడా పోతుందని నేను అప్పటిదాకా ఆలోచించలేదు. పాటలోంచి ఒక గొంతు తగ్గింది. ఇంకోటి తగ్గింది. మా ఊళ్లో కాయలు కోసే ముఠాలో పెద్దావిడ, డెబ్బై ఏళ్లుంటాయి, తలుపులోకి వచ్చి చూసింది. "ఏరా మేస్త్రీ, బుద్ధుందా? కాయలు దేవుడివైతే పిల్ల ఎవరిది?" అని, కొంగు నడుముకు దోపి, వాలు పైచివర మోకాళ్ల మీద కూర్చుంది. రెండు చేతులతో కాయలను అటూ ఇటూ తోసింది. వెనక ఇంకో నలుగురు వచ్చారు. మేస్త్రి కింది చివర నుంచి మొదలుపెట్టాడు. ఎవరూ కాయ మీద కాలు పెట్టలేదు. మోకాళ్ల మీద జరుగుతూ, తోస్తూ, ఏరుతూ వచ్చి మలుపులో కలిశారు. అన్నేళ్లుగా కాయలు కోసిన చేతులు అవి. ఎర్రటి వాలు మధ్యలో బూడిదరంగు దారి తెరుచుకుంది.

అత్త ఎక్కింది. నేను వెనక చెయ్యి వేయబోతే, "తియ్యి" అంది. చక్రం ఒక తోపు, ఒక ఆగుడు. మలుపు దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగింది, అదే తప్పయింది. తోసిన కాయల ఘాటు అప్పుడే లేచింది. తుమ్ము మొదలైతే ఆగలేదు. మేస్త్రి తుమ్మాడు. ఆడవాళ్లు తుమ్మారు. గాలి లోపలికి కొట్టి పాట పాడేవాళ్లూ తుమ్మారు. చివరి చరణం దగ్గులతోనే అయిపోయింది. అత్త కళ్లనిండా నీళ్లతో, నవ్వుతూ, రెండో ముక్క ఎక్కి గడప దాటింది.

లోపల ఆగి తల పైకెత్తింది. చాలాసేపు పైకప్పును చూసింది. "అనుకున్నంతే ఉందిరా" అంది మెల్లగా. తర్వాత ఎవరూ చూపించకుండానే ఎడమవైపు వెనక మూలకు తిరిగి, తెరల గుట్ట దాకా వెళ్లి, దాని మీద అరచెయ్యి పెట్టింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. విన్న ప్రసంగాలన్నీ, ఆ గొంతులన్నీ, చేల మీదుగా ఇక్కడికి వచ్చి నిశ్శబ్దంగా కూర్చున్నట్టు అనిపించింది.

బల్ల దగ్గర వరసలో ఆమె ముందు కాయలు తోసిన పెద్దావిడ, వెనక మేస్త్రి ఉన్నారు. పాస్టరు గారు గిన్నె పట్టుకుని అలవాటుగా తలుపు వైపు రెండు అడుగులు వేసి, గుర్తొచ్చి, వెనక్కి తిరిగారు. అత్త చేయి చాపి అందుకుంది.

ఆ వారం మొదటి పాట తుమ్ములతో చెదిరిపోవడంతో, పైగా పండుగ జనం ఎక్కువ కావడంతో, కార్యదర్శి గారు తలలు ఆలస్యంగా లెక్కపెట్టారు. అత్త కుర్చీ పక్కన ఒక క్షణం ఆగి, వేలు మడిచి, ముందుకు వెళ్లారు. బోర్డు మీద రాశారు.

హాజరు: నూట ఇరవై ఏడు.